గుర్రం తల కాసు

మా ఆయన దామోదర్‌ని దొంగ అని ఎవరూ నోటితో అనలేదు. అని ఉంటే బాగుండేది. నోటితో అన్న మాటకు నోటితోనే జవాబు చెప్పవచ్చు. ఫోన్లు ఎత్తడం మానేసి, మేము గదిలోకి రాగానే మాట మార్చేసి, తలా ఒక వంట తెచ్చుకునే పోట్లక్‌లకు పిలవడం మరిచిపోయినట్టు నటించి చెప్పే మాటకు ఏమని జవాబు చెప్పాలి? రెండువేల పదకొండు ఆగస్టు నుంచి దసరా దాకా న్యూజెర్సీలోని ప్లెయిన్స్‌బరోలో మేము పడింది అదే. దానంతటికీ కారణం ఒక రాగి కాసు.

దామోదర్‌కీ, అతని ఆఫీసులోనే పనిచేసే కృష్ణమోహన్ గారికీ మెటల్ డిటెక్టర్ పిచ్చి. పిచ్చి ముందు కృష్ణమోహన్ గారిది. ఆయన వయసులో పెద్ద, ఈ ఊళ్ళో సొంత ఇల్లున్న మనిషి. మమ్మల్ని ఇక్కడికి తెచ్చి, అపార్ట్‌మెంట్ చూపించి, మొదటి నెల కూరగాయలు కూడా కొనిపెట్టిన మనిషి. ఆ పిచ్చిని మా ఆయనకు కూడా ఆయనే అంటించారు. ప్రతి శనివారం పొద్దున్నే ఇద్దరూ చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, పొడుగాటి కర్ర చివర పళ్ళెం బిగించినట్టుండే ఆ యంత్రాన్ని నేల మీద అటూ ఇటూ ఊపుకుంటూ నడిచేవారు. అది కూసిన చోట తవ్వేవారు. ఏం దొరికేదని అడగండి. మేకులు, సోడా డబ్బాల మూతలు, చిలుము పట్టిన ఒక సెంటు పెన్నీలు. బట్టలకు పట్టిన మట్టి మాత్రం మా వాషింగ్ మెషీన్లకు దక్కేది. కృష్ణమోహన్ గారి భార్య రాధారాణిని నేను అక్కా అంటాను; మేమిద్దరం ఫోన్లో దీని గురించే నవ్వుకునేవాళ్ళం.

ఆ ఆగస్టు మొదట్లో నిజంగానే ఒకటి దొరికింది. క్రాన్‌బరీ అవతల ఒక ముసలి రైతు గడ్డి కోయించి, కావాలంటే వెతుక్కోండని వీళ్ళకు పొలం వదిలాడు. కూసింది దామోదర్ యంత్రం. తవ్వింది కృష్ణమోహన్ గారు. దామోదర్ పొలం నుంచే నాకు ఫోన్ చేశాడు.

"సుమతీ, ఒక కాయిన్ దొరికింది. క్వార్టర్ కంటే పెద్దది. ఒక పక్క గుర్రం తల, కింద నాగలి. ఇది న్యూజెర్సీ వాళ్ళు సొంతంగా కొట్టుకున్న కాసు. అమెరికాకి ఇంకా టంకశాల కూడా లేదప్పుడు."

పెళ్ళైనప్పటి నుంచి అతని గొంతు అలా వణకడం నేను వినలేదు. వాళ్ళకొక క్లబ్బుంది. సెప్టెంబరు మీటింగులో ఇద్దరి పేర్లతో ఆ కాసును చూపించాలనుకున్నారు. అక్కడున్న తెల్ల ముసలాళ్ళందరూ నోళ్ళు వెళ్ళబెట్టాలని ఇద్దరి ఆశ. అప్పటిదాకా కాసు కృష్ణమోహన్ గారి గరాజ్‌లో ఉండాలి, ఆలివ్ నూనెలో నానుతూ. మట్టి దానంతట అది వదలాలట. చేత్తో రుద్దకూడదు, సబ్బు తగలకూడదు. పాత రాగికి పట్టిన నల్లటి పొరే దాని వయసు, అది పోతే కాసు చచ్చినట్టే అంటాడు దామోదర్. ఒకసారి అతను తెచ్చిన పెన్నీని నేను పుణ్యానికి పోయి గిన్నెలతోపాటు తోమితే, పూటంతా నాతో మాట్లాడలేదు.

వారం తిరగకుండానే రాధారాణి అక్క ఇంట్లో వరలక్ష్మీ వ్రతం వచ్చింది. మేము అయిదుగురు ముత్తైదువలం వెళ్ళాం. అక్క కలశం ఎంత ముద్దుగా పెట్టిందో. పూజయ్యాక అందరికీ తాంబూలాలిచ్చింది. మనవాళ్ళ షాపులుండే ఓక్ ట్రీ రోడ్డు నుంచి తెప్పించిన తమలపాకులు, అరటిపళ్ళు, నీళ్ళు కారకుండా జిప్‌లాక్ కవర్లో పోసిన నానబెట్టిన శనగలు, జాకెట్టు ముక్క. ఆఫీసు నుంచి దామోదర్ కూడా నేరుగా అక్కడికే భోజనానికి వచ్చాడు. తిన్నాక గరాజ్‌లోకి వెళ్ళి, అంతకు ముందు వారం మరిచిపోయిన తన ఛార్జర్ తెచ్చుకున్నాడు. వెళ్ళి వచ్చేసరికి ఎంతసేపు పట్టి ఉంటుంది? నేను చెప్పులేసుకునేంతసేపు.

మర్నాడు కృష్ణమోహన్ గారి ఫోన్. దామోదర్ షేవింగ్ చేసుకుంటూ స్పీకర్‌లో పెట్టాడు.

"దామోదర్, నిన్న గరాజ్‌లోకి వెళ్ళావు కదా?"

"వెళ్ళానన్నా. ఛార్జర్ తెచ్చుకున్నా."

"షెల్ఫ్ మీద పెరుగు డబ్బా చూశావా?"

"ఏ డబ్బా? నేను షెల్ఫ్ వైపు చూడలేదన్నా. ఏమైంది?"

"డబ్బా ఉంది. నూనె ఉంది. కాయిన్ లేదు."

"అదేంటన్నా? కింద పడిందేమో చూడండి. నేను రానా వెతకడానికి?"

"వద్దులే. సరేలే."

ఆ 'సరేలే' ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఒక మనిషిని గడప అవతలికి తోసి తలుపు వేయడానికి తెలుగులో అంతకంటే చిన్న మాట లేదు.

ఆ తరువాత శనివారం కృష్ణమోహన్ గారు ఒంట్లో బాగాలేదన్నారు. పై శనివారం ఐరీన్ తుఫాను, అది ఎవరి చేతుల్లోనూ లేదు. ఆ పై శనివారం మాత్రం ఆయన కారు మా అపార్ట్‌మెంట్ ముందు నుంచే పొలం వైపు వెళ్ళింది, డిటెక్టర్ వెనక సీట్లో కనబడుతూ. బాల్కనీలో దామోదర్ కాఫీ కప్పు పట్టుకుని చూస్తూ నిలబడ్డాడు. క్లబ్ మీటింగుకు అతను వెళ్ళలేదు. ఆఫీసులో భోజనం ఒక్కడే తింటున్నాడని నాకు పూజిత చెప్పింది. పూజిత మా పై అంతస్తులో ఉంటుంది, ఆమె భర్త కూడా అదే ఆఫీసు. "ఏదో కాయిన్ ఇష్యూ అంట కదా అక్కా" అంది, నా మొహం వైపు కాకుండా నా భుజం వైపు చూస్తూ.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన కొనిపెట్టిన కూరగాయలు తిన్నందుకు మా మీద ఇంత హక్కా అనిపించింది. ఆ మంటలో ఉండగానే రాధారాణి అక్క ఫోన్ చేసింది.

"సుమతీ, వ్రతం రోజు నీకు ఏ రంగు జాకెట్టు ముక్క పెట్టానే? ఆకుపచ్చదా?"

"ఆకుపచ్చదే అక్కా. ఎందుకు?"

"ఏం లేదు. నీకు నప్పదేమో అని. వంకాయ రంగుది ఒకటుంది, మార్చి ఇస్తాను. నేను వచ్చి తీసుకెళ్తాలే."

నాకు అనుమానమొచ్చింది. జాకెట్టు ముక్క మార్చడానికి కారేసుకుని వచ్చే ఆడది ఎక్కడైనా ఉందా? ఈ వంకతో మా ఇంట్లోకి వచ్చి, మా అల్మారాలు తెరిపించి, కాసు కోసం చూడమని మొగుడు పంపిస్తున్నాడనుకున్నాను.

"నాకు ఆకుపచ్చే ఇష్టమక్కా" అని పెట్టేశాను.

ఆమె మళ్ళీ చేసింది. నేను ఎత్తలేదు.

ఇక్కడిదాకా నా కోపం బయటివాళ్ళ మీద. తరువాత జరిగినదే నాకు చెప్పబుద్ధి కాదు. దామోదర్ ఇంట్లో కూడా మాట్లాడటం తగ్గించాడు. సాయంత్రాలు లాప్‌టాప్ ముందు కూర్చుంటాడు, నేను కాఫీ తీసుకుని వెళితే మూసేస్తాడు. ఒకసారి మూసేలోపు చూశాను. అమ్మకానికి పెట్టిన పాత కాసుల పేజీ. వరసగా గుర్రం తలలు.

"ఏం చూస్తున్నావు?"

"ఏం లేదు."

ఏం లేకపోతే మూయడమెందుకు? ధర కనుక్కుంటున్నాడా? అమ్మేశాడా? కూసింది నా యంత్రం అని అతను రెండుమూడు సార్లు అనడం గుర్తొచ్చింది. చెప్పులేసుకునేంతసేపు అన్నాను కదా, ఆ చెప్పులకు బకిల్ ఉందని, అది పెట్టుకోవడానికి చాలాసేపు పడుతుందని కూడా గుర్తొచ్చింది. ఒకసారి అనుమానం మొదలయ్యాక అన్నీ దానికి సాక్ష్యాలే. అతను స్నానానికి వెళ్ళినప్పుడు అతని తవ్వే సంచీ దులిపి చూశాను. జీన్స్ జేబులు చూశాను. కారులో చలువ కళ్ళద్దాల డబ్బా కూడా తెరిచాను. బయట నా మొగుడు బంగారం అని వాదించడం, లోపల అతని జేబులు వెతకడం. నా మీద నాకే అసహ్యం వేసేది, అయినా వెతకడం మానలేదు.

నవరాత్రులొచ్చాయి. మా ఇంట్లో చిన్నదే అయినా ఏటా బొమ్మల కొలువు పెడతాను, ఒక సాయంత్రం పేరంటం చేస్తాను. పేరంటానికి జాకెట్టు ముక్కలు కావాలి కదా అని అల్మారాలో దొంతర కిందికి దించాను. ఈ ముక్కల సంగతి మన ఆడవాళ్ళకు తెలిసిందే. ఎవరూ కుట్టించుకోరు, మడత కూడా విప్పరు. ఒకరి దగ్గర పుచ్చుకున్నది ఇంకొకరికి పెడతాం. ఏళ్ళ తరబడి అవి ఎడిసన్ నుంచి ప్రిన్స్‌టన్ దాకా అలా తిరుగుతూనే ఉంటాయి. ఒక్కోసారి మనం ఇచ్చినదే మళ్ళీ మనకు వస్తుంది.

ఆకుపచ్చ ముక్క తీసి రంగు చూస్తుంటే మడతలోంచి ఏదో జారి నా పాదం మీద పడింది. వంగి తీశాను. క్వార్టర్ కంటే పెద్దది. కొత్త చెంబులా తళతళలాడుతోంది. గుర్రం తల, కింద నాగలి.

మంచం మీద కూర్చుండిపోయాను. ఇంతకాలం జేబులు వెతికానే, నా అల్మారాలోనే దాచాడు. నా జాకెట్టు ముక్కల్లో. ఎవరూ విప్పి చూడరని తెలిసే దాచాడు. నాకు ఏడుపు కూడా రాలేదు. ఇక ఈ ఊళ్ళో ఎవరి మొహం చూడాలి అనుకున్నాను.

అప్పుడే దామోదర్ గదిలోకి వచ్చాడు. అరచేయి చాపాను, అంతే. అతను కాసును చూశాడు. నా చేతిలోంచి తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళి, అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఎవరు కడిగారు దీన్ని?" అన్నాడు.

ఎక్కడ దొరికింది అని కాదు. నీకెలా తెలిసింది అని కాదు. ఎవరు కడిగారు. దెబ్బ తగిలిన పిల్లాడి గొంతు అది. దొంగతనం చేసినవాడు ఆ మాట అడగడు, అలా అడగడు. ఆ క్షణంలో నా గుండెల మీద నుంచి బండ దిగింది.

"జాకెట్టు ముక్కలో ఉంది. రాధక్క వ్రతం రోజు పెట్టింది" అన్నాను. అంటుండగానే నాకూ అర్థమైంది. కాసు దగ్గరగా చూస్తే గుర్రం చెవి దగ్గర కుంకుమ ఉంది. నాగలి సందులో పసుపు. ఆ మెరుపు చింతపండుతో తోమిన మెరుపే.

వ్రతానికి మాతో వచ్చిన పూజితకు ఫోన్ చేశాను. "వ్రతం రోజు రాధక్క పెట్టిన జాకెట్టు ముక్కలో కాయిన్ ఏమైనా ఉందా?"

"ఉందక్కా. పాత పెన్నీ, లింకన్ బొమ్మది. భలే మెరుస్తోందని నేను దేవుడి దగ్గర పెట్టుకున్నా. కింద పడకుండా మడతలో పెట్టానని ఆవిడే చెప్పారుగా. నువ్వు వినలేదా?"

నేను విననే లేదు. అప్పుడు చెప్పులు వెతుక్కుంటున్నాను.

జరిగింది కళ్ళకు కట్టినట్టు కనబడింది. తాంబూలంలో దక్షిణకు రాగి కాసులుంటే శ్రేష్ఠమని అక్క పట్టింపు. గరాజ్‌లో పనికిరాని పెన్నీలు ఒక పెరుగు డబ్బాలో వేసి, కావాలంటే పూజకు వాడుకో అని మొగుడు ఎప్పుడో అని ఉంటాడు. మన ఇళ్ళల్లో అన్ని డబ్బాలూ పెరుగు డబ్బాలే కదా. దాని పక్కనున్న నూనె డబ్బాలోది కూడా తీసింది. అన్నీ కలిపి చింతపండు, ఉప్పు వేసి తోమింది.

దామోదర్ అప్పుడు నిజం చెప్పాడు. "కృష్ణమోహన్ అన్నే అమ్మేసి నా మీదకి నెడుతున్నాడేమో అనుకున్నా సుమతీ. అందుకే రోజూ అమ్మకాల పేజీలు చూసేవాణ్ణి. నీకు చెప్పడానికి సిగ్గేసింది. ఇప్పుడే వెళ్ళి ఇచ్చేద్దాం పద."

"వెళ్ళి ఏం చెప్తావు? కాసు మా ఇంట్లోనే దొరికింది అనా? భయపడి తెచ్చి ఇచ్చారు, కట్టుకథ అల్లారు అంటారు."

"రాధక్క చెప్తుంది కదా."

"చెప్పేదైతే ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు? ఆవిడకి తెలుసు. అందుకే జాకెట్టు ముక్క మార్చి ఇస్తానని ఫోన్ చేసింది."

అది తలుచుకుంటే నాకు కృష్ణమోహన్ గారి మీద కంటే ఆమె మీదే ఎక్కువ మండింది. ఆయనకు తెలియక అనుమానించాడు. ఈమె అన్నీ తెలిసి నా మొగుణ్ణి దొంగను చేసి, ఫోన్లో రంగుల గురించి మాట్లాడింది. కాసు ఎలా వచ్చిందో అలాగే వెళ్ళాలని అప్పుడే నిశ్చయించుకున్నాను.

కుంకుమ భరిణె పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. బొట్టు పెట్టి పేరంటానికి పిలిస్తే, ఎంత పగ ఉన్నా రాననడానికి మన ఆడవాళ్ళకు నోరు రాదు. అక్క నా కళ్ళలోకి చూడకుండా నుదురు ముందుకు వంచింది.

పేరంటం రోజు వ్రతానికి వచ్చిన వాళ్ళందరినీ పిలిచాను. రాధారాణి అక్క చీకటి పడ్డాక కారు నడపదు, కాబట్టి కృష్ణమోహన్ గారు తీసుకొచ్చారు. ఆయన సోఫా అంచున కూర్చున్నారు, తలుపు దగ్గరే. దామోదర్ ఎదురుగా కూర్చున్నాడు. ఇద్దరూ టీవీలో ఎవరికీ అక్కర్లేని ఫుట్‌బాల్ చూస్తున్నారు. పాటలయ్యాయి. నేను ఒక్కొక్కరికి పసుపు రాసి, బొట్టు పెట్టి, తాంబూలం ఇచ్చుకుంటూ వచ్చాను. అక్క చివర. ఆకుపచ్చ ముక్కే పెట్టాను. కాసు మడతలో కాదు, తమలపాకుల మీద, అందరికీ కనబడేలా.

ఆమె కొంగు చాపింది. కాసును చూసింది. ఆశ్చర్యపడలేదు. నేను కనిపెట్టి చూస్తున్నది అదే.

పూజిత వంగి చూసి, "ఇది ఆ కాయిన్ కదా అక్కా?" అంది. ఆ మాట గట్టిగానే అంది. సోఫాలోంచి కృష్ణమోహన్ గారు లేచి వచ్చారు. భార్య కొంగులో ఉన్నదాన్ని చూసి, దామోదర్ వైపు తిరిగారు.

"మీ ఇంట్లోనే ఉందన్నమాట."

దామోదర్ నోరు తెరవబోయాడు. నేను తల అడ్డంగా ఊపి వద్దన్నాను. నాకు చెప్పడం రాక కాదు. మా మాట వల్ల కాకుండా, తెలిసిన మనిషి మాట వల్ల నా మొగుడు బయటపడాలి. గదిలో అందరూ రాధారాణి అక్క వైపే చూస్తున్నారు. ఆమె కొంగులోంచి అరటిపండు జారి కింద పడింది. ఇప్పుడు కూడా ఈమె చెప్పకపోతే నేనేం చేయాలి?

"నేనే తోమాను" అంది అక్క. మళ్ళీ అంది. "నేనే తోమానండీ, వ్రతం రోజు. పెన్నీలతోపాటు. నూనె డబ్బాలోది పెద్దగా, గుర్రం బొమ్మతో బాగుందని సుమతికి నేనే పెట్టాను. దామోదర్‌కి ఏమీ తెలియదు."

"మరి నేను ఇల్లంతా వెతుకుతుంటే?"

"మీరు అప్పటికే అరుస్తున్నారు. గరాజ్‌లో వస్తువు ముట్టుకుంటే మీరు ఇల్లు పీకి పందిరేస్తారు. మెల్లగా మార్చి తెచ్చేద్దామనుకున్నాను. ఈ సుమతేమో ఫోన్ ఎత్తలేదు."

కృష్ణమోహన్ గారు కాసు తీసుకున్నారు. బొటనవేలితో గుర్రం మెడ నిమిరారు. "కడిగేశారు కదయ్యా" అన్నారు దామోదర్‌తో.

"అవునన్నా."

"క్లబ్బులో చూపించడానికి ఇక లేదు."

"లేదన్నా."

అంతే. తప్పయిందని అనలేదు. వెళ్ళేటప్పుడు మాత్రం కాసును మా టీవీ పక్కన పెట్టి, "కూసింది నీ మెషీనే" అన్నారు. ఆయనకు చేతనైన క్షమాపణ అదేనేమో. నాకు సరిపోలేదు. రాధారాణి అక్క గుమ్మం దగ్గర నా చేయి పట్టుకుంది. "అందరిలోకీ నీకే పెద్దది పెట్టాలనిపించిందే" అంది. నేను చేయి విడిపించుకోలేదు, గట్టిగా పట్టుకోనూ లేదు.

అందరూ వెళ్ళాక నేను గ్లాసులు తీస్తున్నాను. దామోదర్ ఆ కాసును దీపం దగ్గర పెట్టి చూస్తున్నాడు.

"సుమతీ, ఒకటడగనా? ఇది నీకు దొరికినప్పుడు నువ్వు నా ముందు చేయి చాపావు. ఏమీ మాట్లాడలేదు. అప్పుడు ఏమనుకున్నావు?"

అబద్ధం చెప్పవచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఇంతకుముందే ఒక ఆడది ఊరందరి ముందు నిజం చెప్పి వెళ్ళిన గది అది.

"నువ్వే దాచావనుకున్నాను" అన్నాను.

అతను తలూపాడు. కోప్పడలేదు. కోప్పడి ఉంటే నాకు హాయిగా ఉండేది. కాసును జేబులో వేసుకుని, నా చేతిలోంచి గ్లాసులు అందుకుని సింకులో పెట్టాడు.

"ఈ శనివారం నాతోపాటు పొలానికి రా" అన్నాడు. "ఇక మీదట ఏం దొరికినా నీ కళ్ళ ముందే దొరకనీ."